గూఢచారి నవల – ఏలూరు, కొల్లేటి ప్రాంతపు పాఠకుల అభిప్రాయములు

సహృదయు డెవరు అను ప్రశ్నను మన ఆలంకారికులు చిరకాలము చర్చించిరి. కావ్యానుశీలనాభ్యాసముచేత మనస్సనెడి అద్దము నిర్మలమైనవాడే సహృదయుడని అభినవగుప్తుని అభిప్రాయము. ఆ నిర్వచనమును తరగతిలో ఏటేట బోధించు మనము, అద్దెపుస్తకముల దుకాణము ముందు నిలుచున్న పాఠకునకు అది వర్తించునా అని ఎన్నడును విచారింపలేదు. అతడును అభ్యాసము చేసినవాడే. రోజున కొక నవల చొప్పున చదివినవాని అభ్యాసముతో పోల్చినచో పరిమాణమున మనమే వెనుకబడుదుము. అతని అద్దమున ఏమి ప్రతిఫలించుచున్నదో ఇచట కొంత పరిశీలింపదలచితిమి.

ఈ విషయమును మేము స్వయముగా ఎన్నుకొనలేదని ముందే ఒప్పుకొనవలెను. చాల ఏండ్లక్రిందట తాడేపల్లిగూడెమునుండి వచ్చిన విద్యార్థి యొకరు గూఢచారి నవలలపై పాఠకుల అభిప్రాయములను పరిశోధనాంశముగా కోరుచు దరఖాస్తు పెట్టుకొనిరి. పాఠకులు చెప్పుకొను మాటలు సాహిత్యచర్చ కాజాలవు, అవి పుస్తకవ్యాపారమునకు సంబంధించిన వివరములు మాత్రమే యని ఆ దరఖాస్తుపై వ్రాసినవారము మేమే. విద్యార్థి మారుమాటాడక మేము సూచించిన ప్రబంధాంశమును స్వీకరించి, రెండేండ్లు శ్రమించి, పూర్తిచేయకయే వెడలిపోయి ఒక ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులైరి. గత వేసవిలో ఏలూరున మేము ఒక బంధువులయింట నుండగా వారు వెదకికొని వచ్చి, అట్టలేని నవల నొకదానిని మా చేతనుంచి, "తీరికున్నప్పుడు అంచులు చూడండి మాష్టారూ" అనిరి. నవలను చూడుమని వారనలేదు.

ఆ ప్రతికి ముఖపత్రము లేదు. మొదటి పుటలును కడపటి పుటలును ఊడిపోయినవి. కావున దాని పేరేమో మేము చెప్పలేము. షాడో అను కథానాయకుని బట్టియు, అతని పై యధికారి కులకర్ణి, సహచరులు శ్రీకర్, గంగారామ్ మొదలగువారిని బట్టియు అది మధుబాబు వ్రాసిన నవలలలో ఒకటి యనుట స్పష్టము. పేరు తెలియకపోవుట మాకు లోపముగా తోచినది కాని పాఠకులకు కాదు. మేము విచారించినవారిలో ఒక్కరైనను నవలల పేర్లను పట్టించుకొనినట్లు కనబడలేదు. "షాడో చదివాను" అందురు. అది ఒక గ్రంథమును చదివినట్లు కాక ఒక మనుష్యుని చూచివచ్చినట్లుండును. మనము విక్రమార్కుని కథలు విన్నామందుము కాని ఎన్నవ కథయో చెప్పము గదా.

ఈ జాతి నవలల పూర్వచరిత్ర నిచట విస్తరింప బనిలేదు. ఇరువదవ శతాబ్ది తొలిదశకములలో వంగభాషనుండి అపరాధపరిశోధక కథలు తెలుగునకు వచ్చుట, తణుకున జన్మించిన కొవ్వలి లక్ష్మీనరసింహరావు వేయి నవలల రచయితగా ప్రసిద్ధుడై రైలుస్టేషనులలో నవల అమ్ముడుపోవు వస్తువని నిరూపించుట, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఇంటింటి పేరగుట – ఇవి తెలిసిన సంగతులే. గూఢచారి వేరు, అపరాధపరిశోధకుడు వేరు. పరిశోధకుడు జరిగిపోయిన నేరమునకు కారణమును వెదకును. గూఢచారి జరుగబోవుదానిని ఆపవలెను. అందుచేత మొదటివాని కథ వెనుకకు నడచును, రెండవవాని కథ ముందునకు పరుగిడును. ఆంగ్లమున ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో జేమ్స్ బాండును ప్రవేశపెట్టినపిమ్మట ఈ పరుగు లోకమంతట వ్యాపించినది. తెలుగు తెరపై 1966లో వచ్చిన 'గూఢచారి 116' ఆ గాలి మన దాకా వీచినదనుటకు నిదర్శనము. షాడో ఆ తరువాతి దశకపు వాడు.

ఇక అంచుల విషయము.

అద్దెపుస్తకము ఒక్కని సొత్తు కాదు. అది ఇరువది, ముప్పది చేతులు మారును. మారినపుడెల్ల ఒక చేయి కొంత వ్రాసి పోవును. ఈ ప్రతిలో మేము లెక్కించినంతవఱకు ఎనిమిది వేర్వేరు దస్తూరీలున్నవి. వానిలో కొన్ని వ్రాతలు వట్టి మెప్పుదలలు: బాగుంది, సూపర్, కేక. కొన్ని హెచ్చరికలు: ముందు రెండు పేజీలు లేవు, ఎదుటివానికి ఇవ్వకుము. ఒకచోట ఒక దుర్మార్గుడు ద్రోహి యెవడో ముందుగానే బయటపెట్టినాడు, వాని క్రింద మరొకడు వానిని తిట్టినాడు. ఆ తిట్టు ఇచట ముద్రింపదగినది కాదు గాని కథాసంవిధానమున రహస్యమునకు గల విలువను అంత సంగ్రహముగా చెప్పిన విమర్శకుని మేము చూడలేదు. ఎఱ్ఱసిరాతో ఒక చేయి అచ్చుతప్పులను దిద్దుకొనుచు పోయినది. గూఢచారి అనుపదమున ఢకారమునకు ఒత్తు లేనిచోటనెల్ల ఆ చేయి ఒత్తు పెట్టినది. ఆయన తప్పక తెలుగు పండితుడై యుండును. నలువదియవ పుట దాటినపిమ్మట ఎఱ్ఱసిరా ఎచటను కనబడదు. తప్పులు తగ్గుటచేత కాదు, అవి యథాప్రకారముగనే యున్నవి. పండితుడు కథలో పడిపోయినాడని మా యూహ.

వీనియన్నింటికంటె విలువగలది మరియొక దస్తూరి. అది పుటల పైమూలలలో పెన్సిలుతో వ్రాసిన ఊళ్ళ పేర్లు: పూళ్ళ, భీమడోలు, దెందులూరు, పవర్‌పేట. తొలుత అవి యేమో మాకు బోధపడలేదు. తాడేపల్లిగూడెమునుండి ఏలూరునకు పాసింజరు బండిలో వచ్చిన వారెవరైనను వెంటనే గ్రహింతురు. ఒక పాఠకుడు బండిలో కూర్చుండి చదువుచు, బండి ఆగిన ప్రతిస్టేషను పేరును తానున్న పుటపై గుర్తించుకొనినాడు. ఏ ప్రయోజనమును ఉద్దేశించి యట్లు చేసెనో తెలియదు. నిత్యము ఆ బండిలో పోవువాడై, దిగవలసినచోటు దాటిపోకుండుటకై యట్లు చేసెనేమో. కారణమేదైనను అతడు మనకు అపూర్వమైన సాక్ష్యమును విడిచిపోయెను. పాఠకుడు చెప్పిన అభిప్రాయము కాక, పాఠకుని నడవడియే ఈ మూలలలో ఉన్నది.

భీమడోలు గుర్తునుండి దెందులూరు గుర్తు వఱకు 21 పుటలు. దెందులూరునుండి పవర్‌పేట వఱకు 6 పుటలు. దూరములలో అంతటి వ్యత్యాసము లేదు. బండి యొకచోట హెచ్చుసేపు నిలిచియుండవచ్చును, పాఠకుడు ఎవరితోనో మాటాడియుండవచ్చును. ఆ సందేహములను విడువక చెప్పినను, మేము ఆ పుటలను తెఱచి చూచినప్పుడు కనబడినది మమ్ము ఆశ్చర్యపఱచినది. ఇరువదియొక్క పుటలు పూర్తిగా పోరాటము, వెన్నాడుట, తుపాకులు. ఆరు పుటలు గంగారామ్ మాటలు. పోరాటపు పుటలమీద ఇదే పెన్సిలు "యమా స్పీడు" అని మెచ్చుకొనినది. గంగారామ్ పుటలమీద ఒక్క అక్షరము వ్రాయలేదు. మెచ్చుకొనినదానిని అతడు దాటవేసెను, మెచ్చుకొననిదానిని నిలిచి చదివెను.

ఒక్క పాఠకుని ఒక్క ప్రయాణమును బట్టి సిద్ధాంతము చేయరాదని మాకు తెలియును. కావుననే వేసవి మిగిలిన దినములలో ఆ ప్రాంతపు పాఠకులను కొందఱిని కలిసి మాటాడితిమి. ప్రశ్నాపత్రమును మాత్రము తీసికొనిపోలేదు. క్యూ. డి. లీవిస్ 1932లో వెలువరించిన జనసామాన్యపఠన గ్రంథమునకై ప్రజాదరణ పొందిన నవలాకారులకు ప్రశ్నలు పంపినది కాని పాఠకుల ఇంటి తలుపు తట్టలేదు. ఆ పని చేసినది 1984లో జానిస్ రాడ్వే. అమెరికాలోని ఒక చిన్నపట్టణమున ప్రేమకథల నిత్యపాఠకురాండ్రను అడిగి, వారు ఏమి చదివిరని కాక చదువుట యను పనిచేత ఏమి సాధించుచున్నారని విచారించినది. ఆమెకు దారిచూపినది ఆ యూరి పుస్తకముల దుకాణమున పనిచేయు నొక స్త్రీ. మాకును అట్టివారే దొరకిరి.

ఏలూరున కాలువ వంతెనకు సమీపమున పూర్వము అద్దెపుస్తకముల దుకాణము నడిపిన వృద్ధు డొకరు కలరు. టెలివిజను ఇంటింటికి వచ్చినపిమ్మట దుకాణమును మూసివేసిరి. రచయిత పేరును బట్టికాని, విషయమును బట్టికాని వారు పుస్తకములను సర్దలేదట. "ఏది ఎంత తొందరగా తిరిగొస్తే అది అంత మంచి పుస్తకం అండీ. రోజుకి ఇంత అని కదండీ అద్దె. రెండో రోజుకి పోయిందంటే వాడికి నష్టం, మూడో రోజున అడిగేవాడు వెనక్కెళితే నాకు నష్టం" అని వారి సిద్ధాంతము. ఈ మాట మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. వేగము రచయిత కల్పించిన గుణమని మనము వ్రాయుచుందుము. దినమునకింత యను అద్దెలో వేగము ముందే యున్నది. ఒక్కదినములో ముగియదగిన గ్రంథము కావలెను. అందుకు తగినట్లు వాక్యము చిన్నదగును, వాక్యమున కొక పేరా యగును, సంభాషణ పెరుగును, వర్ణన తఱుగును, అధ్యాయాంతమున ఎవడో ఒకడు తలుపు తట్టును. వారవారము విడుదలయగు పత్రికలలోని ధారావాహికలకు వారము గడువుండుటచేత అచట ఉత్కంఠను వారము నిలుపవలెను. ఇచట మరుపుట వఱకు నిలిపిన చాలును. ఉత్కంఠలోనే ఈ రెండు జాతులును వేరని మా విద్యార్థులకు మేమెన్నడును చెప్పియుండలేదు.

తాడేపల్లిగూడెపు పాఠకులొకరు మరొక విచిత్రమైన అభ్యంతరమును చెప్పిరి. ఆ పట్టణము చెంత రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్మించిన విమానమైదానము కలదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినప్పటి భయమును పెద్దలు చెప్పగా విని పెరిగిన తరము వారిది. "ఇంటి పక్కన రన్‌వే పెట్టుకుని షాడో హాంకాంగ్ ఎందుకు పోతాడండీ?" అని వారి ప్రశ్న. నవ్వి ఊరకుండదగినది కాదది. ఈ నవలలలో దూరదేశమనునది పేరుగా మాత్రమే ఉండును. బ్యాంకాకును తీసివేసి రంగూను పెట్టినను వాక్యము మారదు. తాడేపల్లిగూడెము పేరు పెట్టినచో మారును, ఏలయన ఆ రన్‌వే ఎచట మొదలై ఎచట ముగియునో, ప్రక్కన ఏ చేలున్నవో పాఠకునికి తెలియును. పాఠకునికి తెలిసినచోట రచయిత మెల్లగా నడువవలసివచ్చును. తెలియనిచోటనే పరుగెత్తగలడు.

స్త్రీల అభిప్రాయములు మాకు తక్కువగా దొరకినవి. ఏలూరు గృహిణి యొకరు తమ చిన్ననాట ఈ నవలలను తరగతి పుస్తకము నడుమ దాచి చదివినట్లు చెప్పి, "ఆడమనిషి వచ్చిందంటే ముందు చీరో గౌనో చెప్తాడు, ఆ తరవాతే పేరు చెప్తాడు" అని ఈ జాతి నవలల నన్నింటిని కలిపి ఒక్కమాటలో తేల్చివేసిరి. మేమును పలుపుటలు తిరుగవేసి చూచితిమి. ఆమె మాటకు చేర్పవలసినది మాకేమియు కనబడలేదు.

ఇపుడు వేగము అనుదానిని శాస్త్రదృష్టితో చూతము. పాఠకులెల్లరును మొదట పేర్కొను గుణమదియే గదా. భరతుడు చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారిభావములలో ఆవేగ మొకటి, ఔత్సుక్య మొకటి. ఉత్పాతమువలనను, అగ్నిభయమువలనను, శత్రువుల రాకవలనను ఆవేగము పుట్టును. ఇవి యన్నియు గూఢచారి నవలలో పుటపుటకు కలవు. కాని వ్యభిచారిభావమునకు నిలుకడలేదు, అది స్థాయిని పోషించి తొలగిపోవలెను. ఈ నవలలలో ఆవేగమునే స్థాయిగా నిలుపు ప్రయత్నము జరిగినది. నిలువనిదానిని నిలుపవలెనన్న మార్గ మొక్కటే, దానిని మరల మరల పుట్టించుట. అందుచేతనే ఒక ప్రమాదము తీరకముందే మరొకటి. అందుచేతనే పోరాటములు చదివినవానికి జ్ఞాపకముండవు. మేము మాటాడినవారిలో ఏ పోరాటము ఏ నవలలోనిదో చెప్పగలిగినవారు లేరు. గంగారామ్ అన్న మాటలను మాత్రము నలుగురు నాలుగు విధములుగా అభినయించి చూపిరి. రైలుబండి పాఠకుని పెన్సిలు గుర్తులు చెప్పినదియు ఇదియే. హాస్యమునకు స్థాయి యున్నది, కాబట్టి నిలిచినది. షాడో నవలలకు అంగిరసము వీరమా అద్భుతమా అని పరిశోధకులు తగవులాడబోవుదురేని, మూడవపక్షముగా హాస్యమును కూడ పీటవేసి కూర్చుండబెట్టవలెనని మా మనవి.

ఐనను వేగమునకు మేము విరోధులమని తలపవలదు. భారవి కిరాతార్జునీయమును ఎట్లు ప్రారంభించెను? బ్రహ్మచారివేషమున కురురాజ్యమంతయు తిరిగివచ్చిన వనేచరుడు ధర్మరాజునొద్ద నిలుచుటతో. మహాకావ్యమే గూఢచారి నివేదికతో మొదలైనది. మూడుమాటలలో మనము కథనడుమ నుందుము. ఆ యెత్తుగడను ఏ నవలాకారుడైనను అసూయపడి చూడవచ్చును.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు గూఢపురుషులను రెండు తెగలుగా విభజించెను. ఒకచోట కుదురుగా నుండు సంస్థలు – కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు. తిరుగాడు సంచారులు – సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి. షాడో ఎవరు? ప్రాణములకు తెగించి ఏనుగులతోనైనను పోరాడు తీక్ష్ణుడు. మన గూఢచారి నవల తీక్ష్ణు నొక్కనిని గ్రహించి తక్కిన యెనమండుగురను వదలివేసినది. వ్యవసాయము చేసికొనుచు వార్త పోగుచేయు గృహపతికుడు, అంగడి పెట్టుకొని చూచుచుండు వైదేహకుడు, జడలు ధరించి ఊరివెలుపల కూర్చుండు తాపసుడు – వీరందఱకును వృత్తి ఒక్కటే, కాచుకొనియుండుట.

ఈ విషయమును మాకు స్ఫురింపజేసినది అర్థశాస్త్రము కాదు. కొల్లేటిలంకలలో ఒక యూర చేపలచెఱువునకు కావలియుండు నడివయసు మనుష్యుడు. మా పూర్వవిద్యార్థి మమ్ము అతనియొద్దకు కొనిపోయిరి. గట్టుపై పాకలో, బల్బు క్రింద, రాత్రులు ఈ నవలలను చదువుట అతని అలవాటు. పలుమార్లు చదివినవే చదువును. ఎట్లున్నవని అడిగితిమి.

"బానే ఉంటాయండి. కానీ కాపలా అంటే తెలవదండి ఈయనకి. కాపలా అంటే చూడ్డం కాదండి, కాసుక్కూచోడం. ఈ పుస్తకంలో ఒక్కడూ కాసుక్కూచోడు. దొంగోడొచ్చే టయానికి వీడు సరిగ్గా అక్కడుంటాడు. మాకు ఆర్నెల్లకీ రాడండి దొంగ."

మఱి యేల చదువుదువని అడిగితిమి. "నిద్ర రాకుండా ఉంటాకండి" అనెను.

మేము విన్న అభిప్రాయములలో ఇంతటి విలువగలది మరొకటి లేదు. అతడు నవలలోని లోపమును చెప్పినాడు, ఆ లోపమే తనకు ప్రయోజనకారియైనదనియు చెప్పినాడు. కాచుకొనియుండుటలో గడచు రాత్రికి, కాచుకొనియుండుట యెఱుగని కథ తోడైనది. నవలలో నిరీక్షణ మున్నచో అతనికి అది కావలిపనియే అగును. మనము లోపమనుదానిని పాఠకుడు మందుగా వాడుకొనుచున్నాడు. ఇది తెలిసిన తరువాతను లోపము లోపము కాకపోదు. కాని దానిని చూపునపుడు మా కంఠస్వరము కొంత మారవలసియున్నది.

విశాఖదత్తుని ముద్రారాక్షసమున నిపుణకుని ఘట్టమును స్మరింపుడు. యమపటమును చేతబూని ఇల్లిల్లు తిరిగి పాడుకొనుచు పోవు చారుడు. చందనదాసు నింట ఒక పసివాడు గుమ్మము దాటి వచ్చును. లోపలినుండి స్త్రీ వానిని వెనుకకు లాగుకొనును. ఆ తొందరలో ఆమె వ్రేలి యుంగరము జారి దొరలుచు వచ్చి చారుని పాదముచెంత నిలుచును. అది రాక్షసుని ముద్ర. రాజ్యము చేతులు మారుటకు అదియే బీజము. ఇచట తుపాకి లేదు, పరుగు లేదు. ఎన్ని యిండ్ల ముందు ఎన్ని దినములు పాడిన తరువాత ఆ యుంగరము దొరలెనో కవి చెప్పలేదు. చెప్పనక్కఱలేదు, ఆ పటమే చెప్పుచున్నది. ఆంగ్లనవలలో జాన్ లె కారే 1963లో వెలువరించిన గూఢచారినవల ప్రసిద్ధికెక్కుటకును ఇట్టి కారణమే యున్నది. బాండు పరుగులకు అలవాటుపడిన పాఠకులకు ఆయన తనిఖీద్వారమునొద్ద ఎదురుచూచు మనుష్యుని చూపుచు కథ నెత్తుకొనెను. కొల్లేటి కావలివాడు లె కారేను చదువలేదు, విశాఖదత్తుని వినలేదు. వారిరువురును ఎచట నిలిచిరో సరిగా అచటనే నిలిచి మాటాడినాడు.

ఇంకొక మాట అతడే చెప్పెను. నవలలో శత్రువుల స్థావరము పేలిపోవుటతో కథ ముగియును. అది ఒక్క పేరా. కొల్లేటిని ఐదవ కాంటూరు వఱకు 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి, 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ప్రభుత్వము ఆ మేరలోని చేపలచెఱువుల గట్లను యంత్రములతోను, ప్రేలుడుపదార్థములతోను తెగగొట్టించినది. సరస్సునకు అది అవసరమా కాదా అను తగవు ఇచట మాకు విషయము కాదు. అతడు దానిని కంటితో చూచినవాడు. "పేలడం ఎంతసేపండీ. ఆ తరవాతే కదండీ కథ" అనెను. ఆపైన చెప్పవలసినది చాల ఉన్నదని మేము కాచుకొంటిమి, అతడు లేచి గట్టువెంబడి టార్చి వేసికొని ఒక చుట్టు తిరిగివచ్చుటకు పోయెను. చీకటిలో ఆ వెలుతురు చాలదూరము పోవుట చూచితిమి.

తిరిగివచ్చునపుడు మా పూర్వవిద్యార్థితో ఆ పాత దరఖాస్తు మాట నెత్తితిమి. వారు నవ్వి, తమ అంశమును మేము తిరస్కరించుట న్యాయమే యనిరి. అప్పటి తమ దృష్టిలో పాఠకాభిప్రాయ మనగా ఎందఱు మెచ్చిరి, ఎందఱు మెచ్చలేదు అను లెక్కయే యట. అది వారి మర్యాద. లెక్కలతో మొదలుపెట్టినవారు అంచుల దాకా రాగలరని ఊహించుట మార్గదర్శకుల పని, ఆ పనిని మేము చేయలేదు. ఆ వాక్యమును వ్రాసినపుడు మాకు ఈ నవలలు తెలియవని కాదు. తెలియును. బెజవాడ నుండి ఏలూరునకు గల 60 కిలోమీటర్ల దూరమును మేమును యౌవనమున పలుమార్లు ఈ పుస్తకములతోనే దాటితిమి. దిగునపుడు బండిలోనే విడిచివచ్చుచుండెడివారము, చేతనుండగా ఎవరైన చూతురని.

ఆ ప్రతి యిపుడు మా బల్లపై నున్నది. కడపటి పుటలు లేవని చెప్పితిమి. వెనుక ఎవరో ఒక ఖాళీకాగితమును జిగురుతో అతికించి, ఊడిపోయిన ముగింపును పదునొకండు పంక్తులలో వ్రాసిపెట్టిరి, తరువాత చదువబోవువారికై. అక్షరము గుండ్రముగా, ఓపికగా నున్నది. ఆ పంక్తులలో రెండుమార్లు "మర్నాడు" అనియు, ఒకమారు "నాలుగు రోజులు చూసి" అనియు వచ్చినది. ముద్రితమైన పుటలలో మేము ఎంత వెదకినను అట్టి మాట కనబడలేదు. దాని క్రింద మరొక చేయి నీలిసిరాతో గీతగీసి వ్రాసినది: "ఇలా కాదు. నేను చదివాను. ఆ రాత్రే అయిపోతుంది."

ఇరువురిలో ఎవరి మాట మూలానుసారమో తేల్చుటకు పూర్తిప్రతి మాకింకను దొరకలేదు.